మా ఇంటి పెద్దమనిషి

మా అత్తయ్యా మామయ్యా ఒకరితో ఒకరు మాట్లాడుకోరన్న సంగతి పెళ్ళికి ముందు నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో తెలీదు గానీ, కాపురానికి వచ్చిన మొదటిరోజు అంత వెర్రిమొహం వేసుకుని మాత్రం నిలబడేదాన్ని కాదు. వంటింట్లోంచి అత్తయ్య, "ఒరేయ్, టీ అయిందని మీ నాన్నతో చెప్పు" అంది. ఉన్న ఒక్కగానొక్క కొడుకు స్నానాలగదిలో ఉన్నాడు. నేను పరుగున వెళ్ళి తలుపు కొట్టి, "ఏమండీ, టీ అయిందని మామయ్యకి చెప్పాలట" అన్నాను.

లోపల్నుంచి నవ్వు వినిపించింది. "నాతో కాదు, కుక్కతో చెప్పింది" అన్నాడు మా ఆయన.

నిజంగా కుక్కతోనే. నడవాలో గోధుమరంగు కుక్క ఒకటి, మూతి తెల్లబడినది, ఒళ్ళు విరుచుకుని లేచింది. ముందుగదిలోకి నడిచి, ఫ్యాను మోటారు విప్పుకుంటున్న మామయ్య ఎదుట నిలబడింది. మామయ్య దాని మొహంలోకి చూసి, "చక్కెర తగ్గించిందేమో అడుగు" అన్నాడు. "తగ్గించానని చెప్పు" అని వంటింట్లోంచి జవాబొచ్చింది. ఇద్దరికీ మధ్య నడవా ఒక్కటే అడ్డం. ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినపడుతోంది. అయినా ఆ మాట కుక్క మీదుగా వెళ్ళాల్సిందే.

దాని పేరు పెద్దమనిషి. రెండు పక్షాల మధ్యా రాయబారం నడుపుతుంది కాబట్టి మా ఆయన పెట్టిన పేరు.

"ఇది రాకముందు ఎవరు?" అనడిగాను.

"నేనే. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు పొద్దున్నే మాట్లాడుకోవడం మానేశారు. ఎందుకని అమ్మనడిగితే మీ నాన్ననడుగు అంది. నాన్ననడిగితే మీ అమ్మనడుగు అన్నాడు. పరీక్షకి చదువుకుంటుంటే లేపి, వీధి తలుపు గడియ పెట్టారేమో అడుగు అనేవాళ్ళు. తర్వాతెప్పుడో బస్టాండులో ఈ కుక్కపిల్ల కనపడితే దేవుడే పంపాడనుకున్నా. ఉద్యోగం దానికి అప్పజెప్పి బయటపడ్డా."

అలా బయటపడినవాడు బస్సు డ్రైవరయ్యాడు. తెల్లారకుండా వెళ్తే చీకటిపడ్డాక వస్తాడు. ఇంట్లో ఉండనివాడికి ఇంటి సంగతులన్నీ నవ్వులాటగానే ఉంటాయి మరి. నేను కళ్ళద్దాల షాపులో మధ్యాహ్నం దాకా పనిచేసి వచ్చేదాన్ని. తర్వాతంతా ఆ ఇంట్లోనే.

నేను చెప్పేది నా కాపురంలో మొదటి ఎండాకాలం సంగతి. ఎండాకాలమంటే మా ఇంట్లో ఇద్దరికీ ఊపిరాడనంత పని. ముందుగదిలో మామయ్యకి కాలిపోయిన ఫ్యాన్లు, కూలర్లు, నీటిమోటార్లు గుట్టలుగా వచ్చి పడతాయి. రాగితీగ చుట్టుకుంటూ, వార్నిష్ వాసనలో కూర్చుని ఉంటాడు. వెనకగదిలో అత్తయ్య బడి యూనిఫారాలు కుడుతుంది. బళ్ళు తెరిచేలోపు ఇవ్వాలి. ఆమె మిషను ఆగిందంటే తీగ తెగినట్టు ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయేది. మధ్యలో నడవా. నడవాలో కుక్క.

ఆ కుక్కకి ఆ ఏడు కాలు నిలవకుండా పోయింది.

ముందుగదిలోకి వెళ్తుంది, మామయ్యని చూస్తుంది, వస్తుంది. వంటింట్లోకి వెళ్తుంది, నన్ను చూస్తుంది, వస్తుంది. వెనకగది, పెరడు, మేడమెట్లు, మళ్ళీ ముందుగది. గచ్చు మీద గోళ్ళు టకటక టకటక. పడుకున్నట్టే పడుకుని, కన్ను మూతపడుతుండగానే ఉలిక్కిపడి లేచి మళ్ళీ బయల్దేరేది. కాలుగాలిన పిల్లి అంటారే, మా ఇంట్లో అది కుక్క. ఆ చప్పుడు వింటూ వింటూ నాకూ కూర్చోబుద్ధయ్యేది కాదు. పుస్తకం తెరిచి మూసేదాన్ని. పొయ్యి మీద ఏం పెట్టానో మర్చిపోయి వాకిట్లోకి వచ్చి నిలబడేదాన్ని. ఏదో జరగబోతోంది, అదేంటో తెలియట్లేదు అన్నట్టుండేది ప్రాణం.

పైగా పిలిస్తే పలకడం మానేసింది.

"ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. ఎవరి పోలికో చెప్పనక్కర్లేదు" అనేది అత్తయ్య, కుక్క వీపు వైపు చూస్తూ, గొంతు ముందుగదికి వినపడేంత పెంచి.

"మాటంటే లెక్కలేదు, మొహం తిప్పుకుని పోతాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అడుగు" అనేవాడు మామయ్య, అదే కుక్కతో, వెనకగదికి వినపడేలా.

కుక్క మాత్రం ఇద్దరి మొహాలూ చూసి తన తిరుగుడు తను తిరిగేది.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. ఉరుములు మొదలయ్యాయి. అంతకుముందైతే ఆకాశం గొంతు సవరించుకుంటే చాలు, మంచం కిందకి దూరి వణికేవాడట పెద్దమనిషి. ఆ రోజు నెత్తిమీద పిడుగు పడ్డట్టు ఉరిమితే నేనే చేతిలో గ్లాసు వదిలేశాను. వాడు పెరట్లో నిలబడి, గాలికి నోరు తెరుచుకుని, హాయిగా చూస్తున్నాడు.

"ధైర్యం వచ్చిందిరా నీకు!" అని మామయ్య మురిసిపోయాడు.

"ముసలితనంలో వచ్చేది ధైర్యం కాదు, మొండితనమని చెప్పు" అంది అత్తయ్య.

అప్పటికి నాకూ తట్టలేదు.

ఇక ఆగలేక ఒకరోజు షాపు నుంచి రాగానే గొలుసు కట్టి కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. సైకిళ్ళ షాపు పక్కన రెండు గదుల ఆస్పత్రి. ముందుగదిలో రెండు బల్లలు ఎదురెదురుగా ఉంటాయి. కుక్కల వాళ్ళు ఒక బల్ల మీద, పిల్లులూ పక్షులూ ఉన్నవాళ్ళు రెండోదాని మీద కూర్చోవాలని అక్కడి నియమం. ఆ నియమం అమలుచేసేవాడు కాంపౌండరు. మనుషుల పేర్లు అడగడు, జంతువుల పేర్లు పెట్టే పిలుస్తాడు.

"పెద్దమనిషి! పెద్దమనిషి రావాలి!" అని కేకేశాడు. ఎదురు బల్ల మీద చిలక పంజరం ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన, "వస్తున్నా బాబూ" అని లేచాడు. ఆయన్ని కూర్చోబెట్టి, కుక్కని లేపి, మేం లోపలికి వెళ్ళేసరికి నాకు చెమటలు పట్టాయి.

డాక్టరమ్మ నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకున్న మనిషి. కుక్కని బల్ల ఎక్కించదు. తనే చిన్న పీట మీద కూర్చుని కింద చూస్తుంది. గుండె విన్నది, పళ్ళు చూసింది, కాళ్ళు ముడిచి చూసింది. చూస్తున్నంతసేపూ వాడు మెడ తిప్పి తలుపు వైపూ నా వైపూ చూస్తూనే ఉన్నాడు.

"ఒంట్లో పెద్ద లోపమేం కనపడట్లేదు. ఎప్పట్నుంచి ఇలా తిరుగుతున్నాడు?"

"ఎండలు మొదలైనప్పట్నుంచి."

"అంతకుముందు ఎక్కువ పడుకునేవాడా? గేటు చప్పుడైతే మొరిగేవాడా? కొత్తవాళ్ళొస్తే ఏం చేసేవాడు?"

"అంతకుముందు... ఆ ఇంటికి కొత్తగా వచ్చిందాన్ని నేనేనండీ."

ఆమె నవ్వలేదు. "అలా అయితే ఇంట్లోవాళ్ళెవరైనా రావాలమ్మా."

"నేనూ ఇంట్లోదాన్నే" అన్నాను. గొంతు కాస్త లేచినట్టుంది.

"కాదనట్లేదు. వీడు పోయినేడు ఎలా ఉండేవాడో తెలిసినవాళ్ళు కావాలి. వీడేమో చెప్పలేడు, నువ్వేమో చూడలేదు. నేను గాల్లో బాణాలు వెయ్యలేను కదా" అని, నులిపురుగుల మందు రాసిచ్చి పంపేసింది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే అత్తయ్య మిషను తొక్కుతూ, "పనీపాటా లేనివాళ్ళు వెళ్తారని చెప్పరా" అంది. "నా కూలర్లు వాళ్ళొచ్చి చుట్టిపెడతారేమో అడుగు" అన్నాడు మామయ్య. మధ్యలో కుక్క ఇటు చూసి అటు వెళ్ళింది.

ఆ తర్వాతి సెలవురోజే వ్యాను సంగతి జరిగింది. మా సందులోకి మంచినీళ్ళ డబ్బాల వ్యాను వెనక్కి వస్తోంది. వెనక్కొచ్చేటప్పుడు కీచుకీచుమని అరుస్తుంది కదా, అలా అరుస్తూనే వస్తోంది. పెద్దమనిషి గేటు ముందు రోడ్డు మీద, దానికి వీపు పెట్టి నిలబడి, మేడ మీద బట్టలు తీస్తున్న నా వంక చూస్తున్నాడు. నేను పైనుంచి అరిచాను. అత్తయ్య వాకిట్లోంచి పేరు పెట్టి గావుకేక పెట్టింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ఊహూ. కదిలితే ఒట్టు. మామయ్య చేతిలో రాగితీగతో సహా పరిగెత్తుకొచ్చి వ్యాను వెనక చేత్తో దబదబా బాదాడు. అది ఆగేసరికే చక్రం వాడి వెనకకాలి మీద చర్మం ఒలిచేసింది.

మామయ్య వాణ్ణి రెండు చేతుల్తో ఎత్తుకున్నాడు. అత్తయ్య యూనిఫారం గుడ్డ చింపి కాలికి చుట్టింది. ఆ గుడ్డ కట్టేటప్పుడు ఇద్దరి తలలూ దాదాపు తగిలాయి. అప్పుడు కూడా ఒక్క మాట లేదు.

డాక్టరమ్మ కుట్లేసి కట్టు కట్టింది. మామయ్య పక్కన నిలబడి కుక్క తల నిమురుతున్నాడు.

"హారన్ కొట్టలేదా వాడు?"

"కొట్టాడమ్మా. వీధంతా బయటికొచ్చింది."

"అంత హారన్ కొడితే వీడు కదల్లేదా?"

"మొండివాడమ్మా. ఇంట్లో గారాబం."

డాక్టరమ్మ చేతులు కడుక్కుంది. "ఈ కాలు మానాలంటే వీడు తిరగకూడదు. తిరిగితే కుట్లు ఊడతాయి. కట్టు మార్చడానికి తెచ్చినప్పుడు మీరూ రండి, మీ ఆవిణ్ణీ తీసుకురండి. ఇద్దరూ కలిసి రండి" అంది.

మామయ్య నా వైపు చూశాడు. నేను గోడ మీది బొమ్మ చూశాను.

ఆ సాయంత్రమే ఆయన తీర్పు చెప్పేశాడు. వెనకగది గుమ్మంలో చాప మీద పడుకోబెట్టిన కుక్క ఎదుట గొంతుక్కూర్చుని, "ఒరేయ్, మీ అమ్మకి చెప్పు. వానలు పడేలోపు నిన్ను నర్సరీ ఆయనకి ఇచ్చేస్తున్నా. చుట్టూ ప్రహరీ ఉంది, లోపలికి బళ్ళు రావు. ఇక్కడుంటే ఏదో ఒక చక్రం కింద పోతావు. అది నేను చూడలేను" అన్నాడు. నర్సరీ ఆయన మామయ్యకి పాత ఖాతాదారు. మొక్కలకి నీళ్ళు పెట్టే మోటార్లన్నీ మా ఇంటికే తెస్తాడు.

మిషను ఆగింది. అత్తయ్య చాలాసేపు సూదిలోకి దారం ఎక్కిస్తూ ఉండిపోయింది.

"అలాగేనని చెప్పు" అంది.

నాకు మాత్రం వాణ్ణి పంపడం ఇష్టం లేదు. దాచుకోవడం దేనికి, వాడి మీద ప్రేమ ఒకవైపు, నా భయం ఇంకోవైపు. కట్టు కట్టాక వాణ్ణి ఒకచోట కట్టేసి ఉంచారు కాబట్టి ఆ మర్నాటి నుంచే కబుర్లు నా మీదుగా నడవడం మొదలైంది. "అమ్మాయ్, గుండీల డబ్బా ఆయన వస్తువుల్లో కలిసిందేమో మీ మామయ్యనడుగు." "అమ్మాయ్, నేను వస్తువులు కలుపుకునే రకం కాదని మీ అత్తయ్యతో చెప్పు." రెండ్రోజులు తిరిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తోక కూడా నాకు లేదు. పెద్దమనిషి వెళ్ళిపోతే ఈ ఇంట్లో ఆ ఉద్యోగం ఎవరికి పడుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. నా పిల్లలకీ నా నుంచే సంక్రమిస్తుంది.

మా ఆయనతో మొరపెట్టుకుంటే, "కొన్నాళ్ళకి అలవాటైపోతుందిలే" అన్నాడు. చేతిలో ఉన్న దువ్వెన ఆయన మీదికి విసిరాను.

కట్టు మార్చాల్సిన రోజొచ్చింది. ఇద్దరూ బయల్దేరే సూచనలేం లేవు. నేను నడవా మధ్యలో నిలబడి, కుక్క మొహంలోకి చూస్తూ గట్టిగా అన్నాను: "ఒరేయ్ పెద్దమనిషీ, మీ అమ్మకీ నాన్నకీ చెప్పు. ఇద్దరూ రాకపోతే కట్టు విప్పనంది డాక్టరమ్మ. కాలు కుళ్ళిపోతే నా పూచీ లేదని చెప్పు."

ముందుగదిలో స్క్రూడ్రైవరు కింద పెట్టిన చప్పుడైంది. వెనకగదిలో కత్తెర కింద పెట్టిన చప్పుడైంది. అత్తయ్య చెప్పులేసుకుంది.

ఆస్పత్రిలో మామయ్య కుక్కల బల్ల మీద కూర్చుంటే అత్తయ్య వెళ్ళి పిల్లుల బల్ల మీద కూర్చుంది.

"అమ్మా, మీది పిల్లా?" అని వచ్చాడు కాంపౌండరు.

"కాదు బాబూ, ఆ కుక్కే."

"మరి అటు కూర్చోవాలి."

"ఇక్కడ గాలి బాగుంది."

అటుపక్క కిటికీయే లేదు. కాంపౌండరు నా వైపు చూశాడు. నేను చేతులు జోడించాను. పాపం, వదిలేశాడు.

లోపలికి వెళ్ళాక డాక్టరమ్మ పీట మీద కూర్చుని కట్టు విప్పింది. కుట్లు రెండు ఊడి, చుట్టూ ఎర్రగా వాచి ఉంది. "తిరిగాడు కదూ? కట్టేసినా గింజుకున్నాడు. ఈసారి కూడా ఊడితే కాలు పాడవుతుంది, ముందే చెప్తున్నా. సరే, చెప్పండి. ఇదివరకు గేటు చప్పుడైతే మొరిగేవాడా?"

అత్తయ్య కుక్క వైపు తిరిగి, "వీధి చివర మనిషి అడుగు పడితే మొరిగేవాడివని చెప్పరా" అంది.

"ఇప్పుడు నర్సరీ ఆయన లోపలికొచ్చి కూర్చున్నా మొరగట్లేదని చెప్పు" అన్నాడు మామయ్య, కుక్కతోనే.

డాక్టరమ్మ ఒకసారి ఆమెని, ఒకసారి ఆయన్ని, చివరికి కుక్కని చూసింది. "మీరెవరితో మాట్లాడుతున్నారు?"

నేనే గొంతు సవరించుకుని, "మా ఇంట్లో అంతేనండీ. వీడి ద్వారానే" అన్నాను. చెవులు వేడెక్కిపోయాయి.

"ఉరుములంటే?"

"ఇదివరకు చచ్చేంత భయం. ఈ ఏడు ధైర్యం వచ్చింది" అన్నాడు మామయ్య, ఈసారి నేరుగా ఆమెతో.

డాక్టరమ్మ లేచింది. అత్తయ్యని కుక్క ఎదురుగా నిలబెట్టింది. తను చప్పుడు చెయ్యకుండా వాడి వెనక్కి వెళ్ళి, స్టీలు పళ్ళెం ఒకటి, స్టీలు గిన్నె ఒకటి తీసుకుని, నేలకి తగలకుండా గాల్లోనే ఫెడీమని కొట్టింది. నేను ఎగిరిపడ్డాను. బయట ఎవరిదో చిలక కీచుమంది. ఏ కుక్కదో ఏడుపు మొదలైంది. పెద్దమనిషి కదల్లేదు. అత్తయ్య ఉలిక్కిపడటం చూసి, ఏమైందన్నట్టు ఆమె మొహంలోకి చూస్తూ తోక ఊపాడు.

డాక్టరమ్మ ఇంకోసారి కొట్టింది. అంతే.

"వీడికి వినపడదు" అంది, పళ్ళెం పక్కన పెడుతూ. "వయసుతో పోయింది. ఒక్కరోజులో పోలేదు, నెలల నుంచి తగ్గుతూ వచ్చుంటుంది. మందు లేదు దీనికి."

"నేను పిలిస్తే చూస్తాడే" అన్నాడు మామయ్య.

"మీ మొహం కనపడితే చూస్తాడు. ఇదివరకు పడుకునే, ఎవరెక్కడున్నారో చప్పుళ్ళని బట్టి తెలుసుకునేవాడు. ఇప్పుడు తెలీట్లేదు. అందుకని లేచి ఒక్కొక్కరినీ కళ్ళారా చూసుకుని వస్తున్నాడు. వచ్చేసరికి ముందు చూసినవాళ్ళు ఉన్నారో లేదో అని మళ్ళీ బెంగ. అదండీ వీడి జబ్బు." కొత్త కట్టు చుడుతూ, తలెత్తకుండానే అంది: "వెనకనుంచి ముట్టుకోకండి, బెదిరిపోతాడు. చేత్తో సైగ చెయ్యండి, త్వరగానే నేర్చుకుంటాడు. మీ కుర్చీలు ఒకచోట వేసుకోండి. ఇంట్లోవాళ్ళంతా ఒక్క చూపులో కనపడితే వీడికి తిరగాల్సిన పనుండదు. కాలూ మానుతుంది."

ఆటోలో ఇద్దరూ చెరోవైపు బయటికి చూస్తూ కూర్చున్నారు. వాడు మధ్యలో నిలబడి ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తున్నాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. పలకట్లేదని తిట్టుకున్నారే గానీ, వినపడట్లేదేమో అన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. ఆమెకి అది ఆయన మొండితనం. ఆయనకి అది ఆమె అలక. ఆ కుక్కలో ఇన్నాళ్ళూ వాళ్ళు ఒకరినొకరు చూసుకుని తిట్టుకుంటున్నారు.

ఆ తర్వాత ఇల్లు మరీ అన్యాయమైపోయింది. అత్తయ్య అలవాటుగా, "ఒరేయ్, మీ నాన్నతో..." అని మొదలుపెట్టి, వాడి చెవుల వంక చూసి ఆగిపోయేది. మామయ్య నోరు తెరిచి మూసేవాడు. సిగ్గేసిందో ఏమో, నాతో కూడా కబురు పంపడం మానేశారు. టీ గ్లాసు ముందుగది గట్టు మీద పెట్టి వచ్చేది, చల్లారిపోయేది. కుర్చీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాడు కట్టు కాలితో కుంటుతూ తిరుగుతూనే ఉన్నాడు. కట్టేస్తే తాడు కొరికేస్తున్నాడు. కట్టు మీద ఎర్రటి మరక రోజురోజుకీ పెద్దదవుతోంది. నేను వాడి వెనకే తిరిగేదాన్ని. ఆ కుర్చీ కాస్త ఇటు జరపడానికి ఏం పోయిందర్రా మీకు అని అరవాలనిపించేది. ఒకసారి అరవబోయాను కూడా. అత్తయ్య మొహం చూసి నోరు రాలేదు.

ఆకాశం మబ్బుపట్టి, ఆకు కదలకుండా ఉక్కపోస్తున్న ఒక సాయంత్రం నర్సరీ ఆయన వచ్చాడు. చేతిలో కొత్త గొలుసు. "రేపో మాపో వాన పడేట్టుంది, తీసుకెళ్దామని వచ్చానండీ" అన్నాడు.

మామయ్య స్టూలు మీద నుంచి లేవలేదు. సగం చుట్టిన మోటారు ఒళ్ళోనే ఉంది. అత్తయ్య టేపు మెడలో వేసుకుని నడవా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను వంటింటి తలుపు పట్టుకున్నాను. పెద్దమనిషి కుంటుకుంటూ నడవా మధ్యలోకి వచ్చి, అందరినీ చూసి, అక్కడే ఆగాడు.

మామయ్య వాడి వైపు వంగాడు. "ఒరేయ్," అన్నాడు, "మీ అమ్మతో చెప్పు..."

"వాడికి వినపడదు" అంది అత్తయ్య. "నాకు చెప్పండి."

ఎక్కడో దూరంగా ఉరిమింది. నర్సరీ ఆయన గొలుసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

మామయ్య ఒళ్ళోని మోటారు కింద పెట్టాడు. "వాణ్ణి పంపాలని నాకు లేదు" అన్నాడు.

"మరెందుకు ఈయన్ని రమ్మన్నారు?"

"నువ్వు అలాగేనన్నావుగా."

"నేను మీతో అన్నానా? వాడితో అన్నాను!"

"నేనూ వాడితోనే అన్నాను!"

"అయ్యా," అన్నాడు నర్సరీ ఆయన, "నేనెవరితో అనమంటారు?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చాను. తాగి, ఖాళీ గొలుసుతో వెళ్ళిపోయాడు. మంచి మనిషి, ఇప్పటికీ మోటార్లు మా ఇంటికే తెస్తాడు.

ఆయన వీధి మలుపు తిరక్కముందే అత్తయ్య వెనకగదిలోకి వెళ్ళి మిషనుని లాగడం మొదలుపెట్టింది. గచ్చు మీద ఇనపకాళ్ళు గీసుకుంటూ వస్తున్నాయి.

"గచ్చు పాడవుతుంది. ఆగు, పట్టుకుంటా" అన్నాడు మామయ్య.

"ఇన్నేళ్ళూ పట్టుకున్నారు!" అంది అత్తయ్య.

అంతే, మొదలైంది. ఆ మిషను నడవాలోకి వచ్చి, పక్కనే మామయ్య స్టూలు పడేలోపు, నేను పుట్టని రోజుల్లోవి కూడా బయటికొచ్చాయి. ఎవరి పెళ్ళికో వెళ్ళకపోవడం, ఎవరి ఎదుటో ఏదో అనడం, అడక్కుండా మేడ మీది గది అద్దెకివ్వడం. "అది నువ్వు" అంటే "అది మీరు". గొంతులు పైకప్పుకి తగులుతున్నాయి. ఇరుగుపొరుగు గోడ మీద నుంచి తొంగిచూశారు. ఏమీ లేదని చేత్తో సైగ చేశాను.

వాన ఎప్పుడు మొదలైందో కూడా చూసుకోలేదు మేం. మా ఆయన తడిసి ముద్దయి ఆ వానలోనే ఇంటికొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడవబోతూ ఆగిపోయి, లోపలి కేకలు విన్నాడు. "ఎవరితో పోట్లాడుతున్నారు?" అనడిగాడు నన్ను, చిన్నగా.

"ఒకరితో ఒకరు" అన్నాను.

ఆయన చెప్పులతోనే గడప మీద కూర్చుండిపోయాడు. తొమ్మిదో తరగతి పిల్లాడిలా ఉంది మొహం.

పెద్ద ఉరుము ఉరిమింది. నేను పెద్దమనిషిని భోజనానికి లేపుదామని నడవాలోకి వెళ్ళి, వెనకనుంచి కాకుండా, చుట్టూ తిరిగి వాడి ఎదుటికి వచ్చి వంగాను. మిషనుకీ స్టూలుకీ మధ్య, అత్తయ్య పాదం మీద గడ్డం ఆనించి, కట్టు కాలు బారచాపుకుని, వాడు గురక పెడుతున్నాడు. పైన ఇద్దరూ వేలు చూపించుకుంటూ అరుచుకుంటున్నారు. లేపలేదు.